గట్టెక్కితేనే కూలి

పీటర్‌హెడ్‌లో బేకరీ మీద ఆమె ఆఫీసు.
మెట్లెక్కుతుంటే వెన్న కాగిన వాసన.
మోరాగ్ స్ట్రాకన్, సముద్రపు కేసుల లాయరు,
నా పేరు మూడుసార్లు పలికి చూసుకొని
నాలుగోసారికి రాసుకుంది:
మైలపల్లి నూకరాజు. వంటవాడు. సరుకు ఓడ.

"ముందు ఎవరికి రాదో చెబుతాను" అంది.

ఓడ మీద జీతం తీసుకునేవాడికి రాదు.
వాడు మంట ఆర్పినా, చిల్లు పూడ్చినా
అది జీతంలో మాటే.
ముందే ఒప్పందం రాసుకున్న టగ్గుకి ఒప్పందపు డబ్బే.
దారి చూపడానికి ఎక్కిన పైలట్‌కి దారి చూపిన కూలే.
భయంతో నీళ్లు తోడిన ప్రయాణికుడికి
దక్కిన ప్రాణమే దక్కుడు.
వద్దు పొమ్మన్నా వినక చెయ్యేసినవాడికి అసలే రాదు.
ఇక చచ్చీ చెడీ రాత్రంతా లాగినా
తెల్లారి ఓడ మునిగిందా,
సున్నా.
గట్టెక్కితేనే కూలి.

భీమిలిలో మా మావయ్య వలకీ ఇదే చట్టం, అన్నాను.
ఆమె నవ్వలేదు. రాసుకుంది.

మరి ఎవరికొస్తుంది?

"ఆ ఓడకి ఏమీ బాకీ లేనివాడికి.
కెప్టెన్ తన నోటితో వదిలేయమన్నాక,
మళ్లీ ఎక్కుతామన్న ఆశ కూడా వదిలేశాక
నువ్వు దానికి పరాయివాడివి.
పరాయివాడివై వెనక్కి వెళితే..."
కళ్లజోడు తీసి తుడుచుకుంది.
"ఇంతకీ ఎందుకు వెళ్లావు?"

స్టవ్ ఆపలేదని గుర్తొచ్చిందండి.

తెప్పలో ఆరుగురం, ఫిబ్రవరి నీళ్లు.
పైన గ్యాస్ మీద ఆరుగురి అన్నం.
మునిగే ఓడలో అన్నం మాడితే ఏమిటని
ఇప్పుడు తడుతుంది గానీ
అప్పుడు కాళ్లకి ఎవరు చెబుతారు?
నిచ్చెన ఇంకా వేలాడుతోంది. ఎక్కాను.
స్టవ్ ఆపాను. ఆపాక వినబడింది
నేలకింద నీళ్ల చప్పుడు.
ఏ పైపు పగిలిందో చెవే చెప్పింది.
వాల్వు తిప్పాను, రెండు చేతులా, ఒళ్లంతా వేసి.
లంగరు వదిలాను.
తెల్లారేసరికి ఓ పక్కకి ఒరిగి, అయినా తేలుతూ,
కడుపులో తొమ్మిది వందల టన్నుల కలపతో
అలాగే ఉంది.

"అన్నం?"
అడుగంటిందండి.

అప్పుడు నవ్వింది. రాసుకోలేదు.

"స్టవ్ వంటవాడి పని. వాల్వు కాదు.
కెప్టెన్ సరిగ్గా ఏమన్నాడు?"

గాలిలో నాకు చిక్కింది రెండే మాటలు: లీవ్ హర్.
వీళ్లకి ఓడ ఆడమనిషి.
మా ఇంట్లో చెల్లెలికీ పడవకీ ఒకటే మాట, అది.
దాన్ని వదిలేయండి అన్నాడా,
ఇప్పటికి వదలండి అన్నాడా?
'ఇప్పటికి' అనే అన్నానంటాడు కెప్టెన్ తామ్,
కంపెనీ వాళ్లతో భోజనం చేసి వచ్చాక.
ఏరు దాటేదాకానే ఓడ మల్లన్న.

గోర్డన్ వాట్ సంగతేమిటి మరి, అని అడిగాను.
వలలు కోసేసుకొని చేపల పడవతో వచ్చి
మావాళ్లు ఐదుగురినీ
కాలరు దొరికితే కాలరు, జుట్టు దొరికితే జుట్టు
పట్టి పైకి లాగినవాడు.
ఎడమ భుజం కీలు తప్పినవాడు.

"మనుషులకి కూలి లేదు" అంది మెల్లగా.
కలపకి ఉంది. ఇంజనుకి ఉంది.
ట్యాంకులో మిగిలిన డీజిలుకి కూడా ఉంది.
బతికినవాడి దగ్గర బతికించినందుకు
వసూలు చెయ్యకూడదట. పాత మర్యాద.
"కానీ నీకు వస్తే
అందులో అతనికి న్యాయమైన వాటా ఉంది."

అంటే ఐదు ప్రాణాల ఖరీదు
నా మాడిన గిన్నెకి తగులుకొని ఉంది.

కాగితం నా ముందుకు జరిపింది.
"విన్నదే రాయి."
చాలాసేపు కూర్చున్నాను. కింద రొట్టెల ట్రేలు చప్పుడు చేశాయి.
విన్నదే రాశాను. రెండు మాటలు.
మూడోది ఉంటే గాలినడగాలి.

కింద వ్యాన్‌లో గోర్డన్, మెడకి కట్టిన చెయ్యి,
ఒళ్లో సగం కొరికిన ఉప్పు రొట్టె.
ఏమైందని అడగలేదు. మిగిలిన సగం ఇచ్చాడు.
ఈ దేశంలో గేరు ఎడమ చేతివైపు.
అతను క్లచ్ తొక్కుతాడు,
నేను మారుస్తాను.
రేవు మలుపు దగ్గర "రెండు" అన్నాడు.
రెండు వేశాను.